సర్వీసు బుక్కులో పేరు

"ఆ కాగితం వెనక్కి తెస్తేనే నేను ఈ ఇంట్లో అన్నం ముట్టేది."

చెప్పులు వేసుకుంటూ ఎవాంజెలిన్ అన్న మాట ఇది. తల్లి మగ్దలీనమ్మ ఉప్మా గిన్నె పట్టుకొని వంటింటి గడపలో నిలబడిపోయింది. వరండాలో తండ్రి హెబ్రోను పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడనడం మర్యాద కోసమే. పావుగంటగా ఆయన పేజీ తిప్పలేదు.

"ఇంతకీ ఏం రాసినాడని నీకంత కోపం?" అంది మగ్దలీనమ్మ.

ఏం రాశాడో ఆమెకు తెలియక కాదు. కాగితం సంగతి బయటపడిన మంగళవారం నుంచి ఆ ఇంట్లో తండ్రికీ కూతురికీ మాటలు లేవు. ఒకరి మాట ఒకరికి చేరాలంటే మధ్యలో ఆమె ఒక ప్రశ్న వేయాలి. ఈ మూడు రోజుల్లో పాపం ఆమె వేసినన్ని ప్రశ్నలు కోర్టులో ప్లీడరు కూడా వేసి ఉండడు.

"'నా బిడ్డ చేసిన తప్పుకు తండ్రిగా నేను సిగ్గుపడుతున్నాను, క్షమించండి' అని రాసిచ్చినాడు మా. ఆసుపత్రి కమిటీ సెక్రటరీకి. ఆదివారం ఆరాధన అయినాక చర్చి మెట్ల మీద, అందరూ చూస్తా ఉండంగా. నేను చేసిన తప్పేందో చెప్పమను."

"పాపోళ్ల నాయనా, అడగతా ఉండాది."

"ఇనపడింది," అన్నాడు హెబ్రోను, పేపరుతోనే మాట్లాడుతున్నట్టు. "ముప్ఫై ఒక్క సంవత్సరం ఆ రికార్డు రూములో పనిచేసినా. ఒక్క చీటీ పోలే. తుపానుకు మోకాళ్లలోతు నీళ్లు నిలిచినప్పుడు రిజిస్టర్లు నెత్తిన పెట్టుకొని మోసినా. ఈ దినం నా బిడ్డ చేతికి వచ్చినాక వారం రోజుల రోగుల రాతలు మాయమైనాయంటే, నేను తలెత్తుకొని ఎట్టా తిరిగేది?"

"నా వల్ల పోలేదని చెప్పమ్మా ఆయనకు. సర్వరు ఒకటి కాలిపోయింది, దాంట్లో ఉన్నవి దాంతోనే పోయినాయి. రోజూ నకళ్లు తీసి పక్కన పెట్టే సాఫ్ట్‌వేర్ కావాలని నేను చేరిన నెలలోనే రాసిచ్చినా. ఎనిమిది నెలలు తిప్పుకున్నారు. అంతా పోయినాక తెచ్చి నా బల్ల మీద పెట్టినారు."

"పెట్టినారు గదా," అన్నాడు హెబ్రోను. "మూడు దినాలాయె. మరి అది పని చెయ్యదేంది?"

ఎవాంజెలిన్ చెప్పు పట్టీ బిగించింది. తండ్రి అడిగిన దాంట్లో అన్యాయం లేదు, అదే ఆమెకు మంట. సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఎక్కించింది, అంతా సరిగ్గానే చేసింది. అది మాత్రం సర్వరుతో కలవనంటోంది. ఈ సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. ఈలోగా ఆ రెండింటినీ కలిపి, ఏదైనా ఒకటి తీసేసి దాన్ని నకలు నుంచి తిరిగి తెచ్చి చూపిస్తే కంప్యూటర్ రూము ఆమె చేతిలో ఉంటుంది. లేదంటే చెన్నై కంపెనీకి పోతుంది. కాంట్రాక్టు మీద ఉన్న మనిషిని ఇంటికి పొమ్మనడానికి పెద్ద కాగితం కూడా అక్కర్లేదు.

ఆమె విసురుగా వాకిట్లోకి వచ్చి స్కూటీ తీసింది. మగ్దలీనమ్మ వెనకే వచ్చింది.

"నాకు అర్థమయ్యేటట్టు ఒక్కసారి చెప్పు పాపా. ఏంది దాని రోగం?"

ఎవాంజెలిన్‌కు నవ్వు వచ్చింది. అమ్మ ముందు ఎంత కోపమైనా ఎక్కువసేపు నిలవదు.

"రెండు పెద్ద పెట్టెలుండాయి మా. ఆ రెంట్లోనే పద్నాలుగు కంప్యూటర్లు నడస్తా ఉండాయి. ల్యాబుకొకటి, మందులకొకటి, నాయన పాత రిజిస్టర్లకొకటి. అయి కంటికి కనపడవు. ఏది యాడుండాదో, ఎట్టుండాదో తెలిసిన సర్వరు ఒకటుండాది. అన్నిటికీ అదే పెద్దదిక్కు. నకళ్లు తీసేది పోయి ఆ పెద్దదిక్కును అడగాల. అప్పుడది ఒక్కొక్కదాన్ని చూపిస్తాది. ఇప్పుడు ఇది పోయి తలుపు తడతా ఉండాది, అది తియ్యటం లేదు. అంతే."

"పేరు పెట్టి పిలవకపోయినావా?"

"పిలస్తానే ఉండా మా, మూడు దినాల నుంచి. హెబ్రోనూ, హెబ్రోనూ అని."

మగ్దలీనమ్మ చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆమె మొగుడి పేరు పలికి ఎరగదు. బైబిల్లో హెబ్రోను అనే ఊరి పేరు వచ్చిన వాక్యం చదవాల్సి వస్తే కూడా దగ్గు తెచ్చుకొని దాటేసే మనిషి.

"ఆయన పేరు పెట్టినారా దానికి?"

"ఊరి పేరు మా. నాకు ముందున్న సుశీల్ కుమార్ అన్న అన్నిటికీ బైబిల్లో ఊళ్ల పేర్లే పెట్టినాడు. బేతేలు, యెరికో, హెబ్రోను."

వరండాలో పేపరు పేజీ తిరిగిన చప్పుడైంది. ఆ ఉదయం అదే మొదటిసారి.

*

బేతనియ ఆసుపత్రి బోగోలు నుంచి హార్బరుకు పోయే రోడ్డు మీద ఉంది. ఒకప్పటి రికార్డు రూమును అట్టగోడతో రెండు చేసి, ఒక సగంలో సర్వర్లు పెట్టారు. ఏసీ చల్లదనంలో కూడా ఆ గదికి పాత కాగితాల వాసన పోలేదు. హెబ్రోను రిజిస్టర్లన్నీ స్కానింగ్ అయి ఆ పెట్టెల్లోనే ఉన్నాయి.

ఎవాంజెలిన్ పన్నెండింటి దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. సర్వరు అంకెల చిరునామా ఇస్తే నకళ్ల సాఫ్ట్‌వేర్ దాని దాకా పోతోంది. సర్వరు తన సర్టిఫికెట్ చూపిస్తోంది. నమ్ముతారా అని అడుగుతోంది. నమ్ముతామంటే, సరే నా పేరు మీద రండి అంటోంది. ఆ పేరు మీద పోతే, అలాంటి పేరున్న సర్వరు ఎక్కడా లేదని తిప్పి పంపుతోంది.

పేరుకూ చిరునామాకూ లంకె చెప్పే పుస్తకంలాంటి కంప్యూటర్ ఒకటి ఉండేది. పోయిన వారం సోమవారం కాలిపోయిన దాంట్లోనే అదీ ఉంది. అందుకని ఎవాంజెలిన్ ఆ లంకెను నకళ్ల కంప్యూటర్‌లో తనే చేత్తో రాసింది. ఈ అంకెలున్న వాడి పేరు ఇది, అని ఒక్క వరుస. తప్పు పోవడానికి అందులో ఏముంది గనక. అయినా ప్రతిసారీ అదే జవాబు.

కమిటీ సెక్రటరీ జడ్సన్ తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఆయన గొంతు సవరించుకుంటే ఇప్పటికీ ఊళ్లో సగంమంది నిటారుగా నిలబడతారు.

"అయిందా అమ్మా?"

"అవుతుంది సార్."

"నాలుగింటికి చెన్నై వాళ్లు కూడా ఫోనులో ఉంటారు. నువ్వేం దిగులు పడొద్దు. పని పోయినా మంచి సర్టిఫికెట్ ఇప్పిస్తాను. మీ నాయన రాసిన కాగితం నా ఫైలులోనే ఉంది. ఆయన ముఖం చూసి కఠినంగా ఏమీ రాయం."

ఎవాంజెలిన్ కుర్చీలోంచి లేచింది.

"మా నాయన ముఖం చూడొద్దు సార్. నాలుగింటికి పని చూడండి. పని లేకపోతే ఏం రాయాల్నో అదే రాయండి."

జడ్సన్ కనుబొమలు పైకి లేచాయి. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆయన చెప్పుల చప్పుడు వరండా చివర దాకా వినపడింది. ఎవాంజెలిన్ కూర్చొని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. కోపం ఉన్నప్పుడు ఆమె వేళ్లు ఇంకా బాగా కదులుతాయి. అదీ తండ్రి పోలికే, ఒప్పుకోదు గానీ.

*

ఒంటిగంటకు తలుపు మీద చిన్నగా రెండు దెబ్బలు పడ్డాయి.

హెబ్రోను. చేతిలో స్టీలు క్యారియరు. చెప్పులు బయట విప్పి, కాళ్లు గోనెపట్టా మీద తుడుచుకొని లోపలికి వచ్చాడు. రికార్డు రూములోకి ఆయన ముప్ఫై ఒక్క సంవత్సరం అలాగే వచ్చాడు. గోడ మారిందని అలవాటు మారుతుందా.

"మీ యమ్మకు మోకాలు నొప్పంట," అన్నాడు, సర్వర్ల పెట్టె వైపు చూస్తూ. "కానాగంత చేపల పులుసు పంపించింది."

"నేను తిననని చెప్పినా."

"ఇంట్లో తిననని చెప్పినావంట. ఆసుపత్రిలో తిననని చెప్పలేదంట. మీ యమ్మ లెక్క అది."

నవ్వు ఆపుకోవడానికి ఎవాంజెలిన్ తెర వైపు తిరిగింది. ఆయన క్యారియరు బల్ల మీద పెట్టాడు. పొమ్మని ఆమె అనలేదు, పోతానని ఆయనా అనలేదు.

"ఏమంటాది అది?" అన్నాడు హెబ్రోను చివరికి.

మూడు రోజుల తర్వాత అమ్మను మధ్యలో పెట్టకుండా తండ్రి తనతో అన్న మొదటి మాట. ఎవాంజెలిన్ కుర్చీ ఆయన వైపు తిప్పింది.

"హెబ్రోను అనే సర్వరు దొరకలేదు అంటాది. ఉండాది, ఎదురుగ్గానే ఉండాది. నేను పేరు రాసిచ్చినా. అయినా దొరకలేదంటాది."

"యాడ, చూపించు."

ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకొని వంగాడు. ఎవాంజెలిన్ ఎర్రక్షరాల వరుస చూపించింది.

"చదువు," అన్నాడు.

"చదివినా గదా. హెబ్రోను డాట్ బేతనియ..."

"అట్ట కాదు. పేరును చదవగూడదు. అక్షరాలు చదవాల."

ఈ మాట ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు సెలవుల్లో రికార్డు రూములో కూర్చుంటే, అటెండర్లకు ఆయన రోజుకు పదిసార్లు చెప్పేవాడు. జువ్వలదిన్నె నుంచి వచ్చే మస్తానమ్మలే ఇద్దరుండేవాళ్లు. ఒకామె పేరులో ఇంగ్లీషు హెచ్ ఉంది, ఇంకొకామెకు లేదు. ఒకామె రక్తం వేరు, ఇంకొకామె రక్తం వేరు. పేరు చదివి ఫైలు తీసేవాడు ఏదో ఒకరోజు మనిషిని చంపుతాడని ఆయన గట్టి నమ్మకం. అందుకే వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం పైకి చదివి, అప్పుడే ఫైలు ఇచ్చేవాడు. ఆయన పద్ధతి చూసి కుర్ర డాక్టర్లు నవ్వుకునేవాళ్లు.

ఇప్పుడు అదే వేలు తెర మీదికి వచ్చింది.

"హెచ్. ఈ. బి. ఆర్. ఓ. ఎన్." వేలు ఆగింది. "యు."

ఎవాంజెలిన్ తెర దగ్గరికి వంగింది.

"ఈడ చివర యు ఉండాది పాపా. నువ్వు రాసింది యాడుండాది, చూపించు."

ఆమె తన చేత్తో రాసిన వరుస తెరిచింది. చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది. అక్కడ యు లేదు. ఎన్ దగ్గరే ఆగిపోయింది. మూడు రోజులుగా ఆ ఎర్రక్షరాలు యు చూపిస్తూనే ఉన్నాయి, ఆమె కళ్లు దాన్ని దాటిపోతూనే ఉన్నాయి.

కళ్లకు ఆ అలవాటు ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. తండ్రికీ తెలుసు.

కావలిలో ఇంగ్లీషు మీడియం బడి. పదో తరగతి పరీక్ష ఫారం. ఆసుపత్రిలో పనికి చేరిననాడు ఎవరో గుమాస్తా తెలుగులో విన్నది విన్నట్టు ఇంగ్లీషులోకి దించి, హెబ్రోను పేరు చివర యు పెట్టేశాడు. సర్వీసు బుక్కులో అదే పడింది, అదే ఆయన సంతకమైంది. బళ్లో పిల్లలు ఆ యు పట్టుకొని సాగదీసి నవ్వేవాళ్లు. పదిహేనేళ్ల ఎవాంజెలిన్ ఫారంలో తండ్రి పేరు దగ్గర ఆ అక్షరం వదిలేసింది. సాయంత్రం సంతకం కోసం ఆయన ముందు పెట్టింది. అక్షరాలు చదివే మనిషికి కనపడకుండా ఉంటుందా. ఆయన వేలు ఎన్ దగ్గర కాసేపు ఆగింది. తర్వాత ఏమీ అనకుండా, ఆమె రాసినట్టే, యు లేకుండా సంతకం పెట్టాడు. అప్పటి నుంచి ఆమె కాగితాలన్నిటి మీదా ఆయన సంతకం అదే.

"నాయనా," అంది ఎవాంజెలిన్.

"ముందు పని చూడు," అన్నాడు హెబ్రోను.

ఆమె ఎన్ పక్కన యు కొట్టింది. మళ్లీ పిలిచింది. సర్వరు సర్టిఫికెట్ చూపించింది. నమ్ముతారా అని అడిగింది. ఈసారి ఆమె అక్షరాలన్నీ వేలు పెట్టి పైకి చదివి, నమ్ముతానని నొక్కింది.

తెర ఒక్క క్షణం ఖాళీ అయింది. తర్వాత పైన ఒక పేరు, దాని కింద పద్నాలుగు వరుసలు ఒక్కటొక్కటిగా పరుచుకున్నాయి. ల్యాబు, మందులు, ఓపీ, స్కానింగ్, రికార్డు రూము. అన్నిటికీ పైన హెబ్రోను, చివర యుతో సహా.

"ఊరి పేరన్నావే," అన్నాడు హెబ్రోను మెల్లిగా. "బైబిల్లో ఊరికి యు ఎందుకుంటాది?"

ఎవాంజెలిన్ కూడా అదే ఆలోచిస్తోంది. ఫోను తీసి సుశీల్ కుమార్‌కు చేసింది. ఇప్పుడు ఆయన శ్రీసిటీలో పని చేస్తున్నాడు. స్పీకరు పెట్టి అడిగింది.

"బేతేలూ యెరికో ఊళ్లే," అన్నాడు సుశీల్ కుమార్. "అది మాత్రం ఊరు కాదమ్మా. మీ నాయన. నేను కొత్తగా చేరినప్పుడు ఏ ఫైలు అడిగినా కూర్చున్న చోట నుంచే చెప్పేవాడు, మూడో బీరువా, రెండో అర, ఎడమ పక్క అని. అన్నీ యాడుండాయో తెలిసిన సర్వరుకు ఇంకేం పేరు పెట్టమంటావు? సర్వీసు బుక్కు తెప్పించి అక్షరం అక్షరం చూసి రాసినా. తప్పు రాస్తే ఊరుకుంటాడా ఆ మనిషి? రిటైరైనాడు గదా, ఎట్టుండాడు?"

"బాగుండాడు అన్నా," అంది ఎవాంజెలిన్. "ఈడే ఉండాడు."

హెబ్రోను కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. అవి ఏమంత మురికిగా లేవు.

ఎవాంజెలిన్ మళ్లీ తెర వైపు చూసింది. ఆసుపత్రిలో ఏ డాక్టరు పేరూ ఏ గోడ మీదా లేదు. ఈ పద్నాలుగింటి నెత్తిన తన తండ్రి పేరుంది. ఆరేళ్లుగా ఉంది. ఆయన కూతురు తప్ప అది చదవలేనివాళ్లు ఎవరూ లేరు.

ఆమె రికార్డు రూము వరుస ఎంచుకొని మొదటి నకలు మొదలుపెట్టింది. తర్వాత క్యారియరు మూత తీసి, రెండు గిన్నెల్లో అన్నం పెట్టి, ఒకటి తండ్రి ముందుకు జరిపింది.

*

నాలుగింటికి కమిటీ హాల్లో అయిదుగురు కూర్చున్నారు. బల్ల చివర సూపరింటెండెంట్ డాక్టర్ ఎలిశబెతు. మధ్యలో ఫోను, అందులో చెన్నై వాళ్లు. వెనక వరుసలో హెబ్రోను, పాత ఉద్యోగిగా.

ఎవాంజెలిన్ ఉత్త చేతులతో రాలేదు. మూడింటికే నకలును పక్కన ఒకసారి తెరిచి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకునే వచ్చింది. ఆ సంగతి తండ్రికి చెప్పలేదు.

"ఇందులో ఏదైనా ఒకటి తీసెయ్," అన్నాడు జడ్సన్. కళ్లద్దాలు సర్దుకొని, ఆమె తెచ్చిన ల్యాప్‌టాప్ తెర మీద వరుసలన్నీ చూసి ఒకదాని దగ్గర ఆగాడు. "రికార్డు రూము. ఇది తీసేసి, తిరిగి తీసుకురా. నీకు ధైర్యం ఉంటే."

ఎవాంజెలిన్ వెనక్కి తిరిగి చూసింది. ముప్ఫై ఒక్క సంవత్సరం అక్కడ వెనక వరుసలో కూర్చొని ఉంది.

"తీసెయ్ పాపా," అన్నాడు హెబ్రోను. "నువ్వుండావు గదా."

ఆదివారం చర్చి మెట్ల మీద ఈ మాట అని ఉంటే ఎంత బాగుండేది అనుకుంది. ఇప్పుడైనా అన్నాడు, చాలు. ఆమె తీసేసింది. వరుసల్లో ఒక చోటు ఖాళీ అయింది.

తిరిగి తేవడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. డాక్టర్ ఎలిశబెతు టీ చల్లారిపోయింది. హెబ్రోను మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని నిటారుగా కూర్చున్నాడు. ఖాళీ చోట్లో మళ్లీ వరుస వచ్చింది.

"వచ్చింది సరే, లోపల ఉన్నవి అవేనని ఏంది గ్యారంటీ?" అన్నాడు జడ్సన్.

"రెండు వందల పన్నెండో రిజిస్టరు," అన్నాడు హెబ్రోను వెనక నుంచి. "నలభయ్యో పేజీ. మొదటి వరుస ముత్యాలయ్య భార్య ఆదిశేషమ్మ, విడవలూరు, కాన్పు, ఆడబిడ్డ. పక్కన నీలం సిరా మరక ఉంటాది. నా చెయ్యి తగిలి ఒలికింది."

ఎవాంజెలిన్ ఆ పేజీ తెరిచింది. ముత్యాలయ్య భార్య ఆదిశేషమ్మ. విడవలూరు. కాన్పు. పక్కన సిరా మరక, బొటనవేలంత.

డాక్టర్ ఎలిశబెతు నవ్వుతూ ఫోను దగ్గరికి వంగి, చెన్నై వాళ్లకు థాంక్స్ చెప్పి పెట్టేసింది.

"బాగా చేశావమ్మా," అన్నాడు జడ్సన్. ఆ నోటి నుంచి ఆ మాట వినడానికి ఆయన బడిలో కొందరు పదేళ్లు చదివారు. "మరి మీ నాయన కాగితం సంగతి. వచ్చిన కాగితాల పుస్తకంలో దానికి ఇన్‌వర్డ్ నంబరు పడిపోయింది. పడ్డాక ఫైలులోంచి తీయడం కుదరదు."

హెబ్రోను లేచి బల్ల దగ్గరికి వచ్చాడు.

"కింద సంతకం చదవండి సార్."

"హెబ్రోను అని ఉంది గదయ్యా," అన్నాడు జడ్సన్, ఫైలు తెరిచి.

"పేరు కాదు సార్. అక్షరాలు."

జడ్సన్ అక్షరాలు చదివాడు. ఎన్ దగ్గర ఆగాడు. ఆ కాగితం కూతురికి సంబంధించింది కాబట్టి, చెయ్యి అలవాటు కొద్దీ యు లేకుండా పెట్టింది.

"నా సర్వీసు బుక్కు తెప్పించండి. దాంట్లో నా పేరు చివర యు ఉండాది. ఈ పేరు గలవాడు ఈ ఆసుపత్రిలో ఎప్పుడూ పనిచెయ్యలే. పేరు సరిపోని కాగితం ఫైలులో ఉండగూడదు. అది ఈ ఆసుపత్రి రూలు. నేను ముప్ఫై ఒక్క సంవత్సరం అట్నే నడిపినా."

జడ్సన్ సంతకం మీద వేలు పెట్టి మళ్లీ ఒకసారి చదివాడు. తర్వాత ట్యాగు విప్పి కాగితం బయటికి లాగి ఇచ్చాడు. హెబ్రోను దాన్ని నాలుగు మడతలు పెట్టి కూతురి చేతిలో పెట్టాడు.

"సిగ్గుపడాల్సింది నేను అనుకున్నా," అన్నాడు ఆమెకు మాత్రమే వినపడేటట్టు. "గర్వపడాల్సింది పాపా. చెప్పటం రాలే."

ఎవాంజెలిన్ ఆ కాగితాన్ని పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. ఏడిస్తే అందరూ చూస్తారని బల్ల మీది నీళ్ల గ్లాసు తీసుకొని తాగింది.

"కాంట్రాక్టు చాలు," అంది డాక్టర్ ఎలిశబెతు. "పర్మనెంటు ఫారం ఇవ్వండి జడ్సన్ గారూ. నెల్లూరు ఆఫీసుకు అయిదింటి వ్యానులో పోవాలి. ఈ విడత తప్పితే మళ్లీ ఆరు నెలలు."

ఫారం వచ్చింది. ఎవాంజెలిన్ నిలబడే నింపింది. పేరు, పుట్టిన తేదీ, చదువు. తండ్రి పేరు గడి దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది. హెచ్, ఈ, బి, ఆర్, ఓ, ఎన్. తర్వాత, పక్క గడిలో, స్పష్టంగా, యు.

జడ్సన్ ఫారం తీసుకొని, ఆమె పదో తరగతి సర్టిఫికెట్ నకలు పక్కన పెట్టుకొని చూశాడు. హాల్లో అందరూ ఆ రోజు అక్షరాలు చదవడం నేర్చుకున్నారు.

"సర్టిఫికెట్‌లో మీ నాయన పేరుకు యు లేదు. ఫారంలో ఉంది. నేను దీన్ని పంపలేను అమ్మా. పేరు సరిపోని కాగితం ఫైలులో ఉండకూడదని మీ నాయనే ఇప్పుడు చెప్పాడు."

వెటకారానికి అనలేదు. నిజంగానే ఆయనకు దారి లేదు.

"ఆ యు కొట్టెయ్ పాపా," అన్నాడు హెబ్రోను. "నీ పదో తరగతి కాగితంలో ఎట్టుంటే అట్టనే రాయి. నాకేం నొప్పి లేదు."

"నేను తియ్యను నాయనా. ఒకసారి తీసినా, చాలు. సర్టిఫికెట్టే మార్పిస్తా."

"దానికి ఆరు నెలలు కాదు, ఏడాది పడతాది. అందాక కాంట్రాక్టు ఉంచుతారని ఏంది నమ్మకం?"

బయట వ్యాను స్టార్టయింది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. జడ్సన్ గోడ గడియారం చూశాడు, డాక్టర్ ఎలిశబెతు ఎవాంజెలిన్‌ను చూసింది.

హెబ్రోను చెయ్యి చాచి బల్ల మీది పెన్ను తీసుకున్నాడు. ఫారం తన వైపు లాక్కున్నాడు.

ఎవాంజెలిన్ ఆ చివరి అక్షరం మీద అరచెయ్యి పెట్టింది.